చెయ్యి తిరిగేది ఎవరి ఒంటి మీద?



స్మారకోపన్యాసం అంటే మొదటి అరగంట ఆ పెద్దాయన గుణగణాలకే పోతుంది. ఇవాళ మనం తలుచుకుంటున్న మా సర్జరీ మాస్టారిని ఎరిగినవాళ్ళకు తెలుసు, ఎవరైనా పొగడ్త మొదలుపెడితే ఆయన గడియారం చూసుకునేవారు. అందుచేత ఒక్క సంగతి చెప్పి నా విషయంలోకి వెళ్ళిపోతాను. ఆయన యూనిట్లో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజు దొరికేది నల్ల సిల్కు దారం రీలు. వార్డులో మంచాల కమ్మీలకు, డ్యూటీ రూము కిటికీ ఊచలకు, కుర్చీ చేతులకు ఆ దారంతో వేసిన ముళ్ళు బారులు బారులుగా వేలాడేవి. కుడి చేత్తో ఒక బారు, ఎడం చేత్తో ఒక బారు. రౌండ్స్‌లో ఆయన ముందు కేస్ షీటు చూసేవారు, తర్వాత మంచం కమ్మీ చూసేవారు. ఏ ముడినైనా గోటితో లాగితే జారిందో, ఆ వారం ఆ కుర్రాడు ఓటీలో రిట్రాక్టర్ పట్టుకోవడంతోనే సరిపెట్టుకోవాలి.

దీన్నే ఇవాళ సిమ్యులేషన్ ట్రైనింగ్ అంటున్నాం. దానికి పెద్ద గది, ఏసీ, విదేశీ యంత్రాలు, కోట్ల బిల్లులు అన్నీ వచ్చాయి. మంచం కమ్మీ దగ్గర ఉండి, చాలా స్కిల్ ల్యాబుల్లో లేకుండా పోయినదేమిటన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది. ముందే చెప్పేస్తాను: గోటితో లాగి చూసే మాస్టారు.

సర్జన్‌ని తయారుచేసే పద్ధతికి మనం ఇప్పటికీ వాడుతున్న చట్రం బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ వేసింది. 1889లో తెరిచిన ఆసుపత్రి అది. శిష్యుడు ఆసుపత్రిలోనే ఉండి, ఏళ్ళ తరబడి చూసి, మెట్టు మెట్టుగా బాధ్యత పెంచుకుంటూ పైకి రావాలన్నది ఆయన పద్ధతి. 1904లో యేల్ విశ్వవిద్యాలయంలో సర్జన్ శిక్షణ మీద ఆయన చేసిన ప్రసంగం వైద్య విద్య చరిత్రలో ఒక మైలురాయి. తర్వాత తరాలు దాన్ని ‘ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు’ అని కురచ చేసేశాయి. ఆ పద్ధతి మంచి సర్జన్లనే ఇచ్చింది, కాదనను. కాకపోతే దాని ఖర్చు ఎవరు భరించారని అడిగినవాళ్ళు తక్కువ. దేశంలో ఏ బోధనాసుపత్రిలోనైనా అది జనరల్ వార్డు ఖాతాలోకే పోయింది. డబ్బుండి ప్రత్యేక గదిలో చేరిన రోగికి ప్రొఫెసర్ చెయ్యి, నేల మీద చాప వేసుకుని పడుకున్న రోగికి నేర్చుకుంటున్న చెయ్యి.

ఉత్తరాంధ్రకు చాలా కాలం ఈ ప్రశ్న దూరంగా విశాఖపట్నంలో ఉండేది. 1923లో ఆంధ్ర వైద్య కళాశాల వచ్చిన దగ్గర్నుంచి ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా కష్టమొచ్చినవాళ్ళు రైలో బస్సో ఎక్కి అక్కడి కేజీహెచ్ ఆసుపత్రికే వెళ్ళారు. ఇప్పుడా పరిస్థితి మారింది. శ్రీకాకుళంలో 2008లో రిమ్స్ వచ్చింది. రాగోలులో జెమ్స్ ఉంది, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. సర్జరీ నేర్చుకునే కుర్రాళ్ళూ అమ్మాయిలూ మన ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ చెయ్యి తిరిగేది ఎవరి ఒంటి మీద అన్న ప్రశ్నా మన గుమ్మంలోకే వచ్చింది.

హాల్‌స్టెడ్ చట్రానికి మొదటి పెద్ద బీట కొట్టింది లాప్రోస్కోపీ. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే, 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి పిత్తాశయం తీశారు. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లో శిష్యుడి చేతి మీద గురువు చెయ్యి వేసి దారి మళ్ళించగలడు. లాప్రోస్కోపీలో ఆ వీల్లేదు. పరికరం పొట్ట గోడ దగ్గర ఆనుకుని తిరుగుతుంది కాబట్టి మన చెయ్యి కుడికి పోతే లోపల కొన ఎడమకు పోతుంది. తెర మీద లోతు తెలియదు. వేళ్ళకు స్పర్శ సగం కూడా అందదు. ఓపెన్‌లో పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే తడబడ్డారు. ఆ తొలి సంవత్సరాల్లో పిత్తనాళం దెబ్బతిన్న కేసులు ప్రపంచమంతటా పెరిగాయి. రోగి మీద నేర్చుకోవడం ఎంత ఖరీదైనదో అప్పటిగ్గాని మన వృత్తికి తలకెక్కలేదు.

2002లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి, అదీ యేల్ నుంచే. పదహారు మంది సర్జరీ రెసిడెంట్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద అదనపు శిక్షణ ఇచ్చి, తర్వాత అందరి చేతా నిజమైన పిత్తాశయం ఆపరేషన్ చేయించారు. శిక్షణ పొందినవాళ్ళు పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీసే పని 29 శాతం తక్కువ సమయంలో ముగించారు. శిక్షణ లేనివాళ్ళు పిత్తాశయాన్ని గాయపరచడమో, కాల్చకూడని చోట కాల్చడమో జరిగే అవకాశం ఐదు రెట్లు. ఈ అంకెలు చాలా ఉపన్యాసాల్లో వింటాం. నాకు అంతకంటే ముఖ్యంగా తోచినవి వేరే రెండున్నాయి. ఆ సిమ్యులేటర్ తెర మీద పిత్తాశయం అసలు లేదు, ఉన్నవి గోళాలూ పెట్టెల బొమ్మలూ మాత్రమే. రెండోది, ఇన్ని గంటలు కూర్చుంటే చాలు అని వాళ్ళు అనలేదు. చెయ్యి తిరిగిన సర్జన్లు ఆ యంత్రం మీద సాధించిన స్కోరు తీసుకుని, అంత వచ్చేదాకా లేవద్దన్నారు. బొమ్మ ఎంత అచ్చంగా ఉందన్నదాని కంటే గీత ఎక్కడ గీశామన్నది ముఖ్యమని ఆ రోజే తేలింది. మనం కొనుగోలు కమిటీల్లో కూర్చున్నప్పుడు మాత్రం బొమ్మ అచ్చంగా ఉందా లేదా అనే అడుగుతాం.

అమెరికాలో సర్జరీ బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే ముందు ఒక పెట్టె పరీక్ష నెగ్గాలి. ఐదు పనులుంటాయి. చిన్న రబ్బరు ముక్కలను ఒక మేకు మీంచి తీసి గాలిలోనే రెండో చేతి పరికరానికి అందించి ఇంకో మేకుకు తొడగడం, గాజుగుడ్డ మీద గీసిన వలయం వెంట కత్తిరించడం, దారపు ఉచ్చు బిగించడం, ముడి బయట వేసి లోపలికి తోయడం, ముడి లోపలే వేయడం. ఇంతే. మన పీజీలు ప్లాస్టిక్ డబ్బాకు రెండు బెజ్జాలు పెట్టి, లోపల చిన్న లైటు, పైన ఫోను కెమెరా అమర్చుకుని హాస్టల్ గదిలో చేసుకోగలిగినవే. కొందరు చేసుకుంటున్నారు కూడా, సంతోషం.

ఇలాంటి సభలో సుశ్రుతుణ్ణి తలుచుకోకపోతే పెద్దవాళ్ళు ఊరుకోరు. మనకన్నీ ముందే తెలుసనే గొప్పకు తలుచుకుంటే నాకు చిరాకు, పని తెలిసినవాడిగా తలుచుకుంటే ఇష్టం. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం యోగ్యాసూత్రీయం. శాస్త్రమంతా చదివినా చేత్తో అభ్యాసం చేయనివాడు పనికిరాడని మొదలుపెట్టి, ఏ పనికి ఏ వస్తువో చెబుతాడు. కోయడానికి గుమ్మడి, సొర, పుచ్చ, దోస. గీకడానికి వెంట్రుకలున్న తోలు. రక్తనాళం గుచ్చడానికి చచ్చిన పశువు సిరలు, కలువ కాడలు. పుండు లోతు వెతకడానికి పురుగు తొలిచిన కర్ర. కుట్టడానికి బట్ట, మెత్తటి తోలు. లోపల ఇరుక్కున్నదాన్ని బయటికి లాగడానికి పనస తొన, మారేడు గుజ్జు. కట్లు కట్టడానికి మనిషంత బొమ్మ. ఇందులో నాకు నచ్చేది పని వెంట పని విడదీసిన తీరు. ‘సర్జరీ నేర్చుకో’ అని ఎక్కడా అనడు. కొయ్యడం వేరు, గుచ్చడం వేరు, లాగడం వేరు, దేనికి తగ్గ సరుకు దానికి. ఇక పనసపండుకు మనకేం కొదవ, ఉద్దానం పనస ఉండనే ఉంది.

ఉద్దానం పేరెత్తాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. ఏ జిల్లాలో సర్జన్ ఆ జిల్లాకు కావలసిన పని ముందు నేర్చుకోవాలన్నది నా వాదన. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఉన్న ఈ మండలాల్లో కిడ్నీలు చెడిపోతున్న సంగతి రెండు దశాబ్దాలకు పైగా మనకు తెలుసు. కారణం ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోతున్నాం. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కానీ డయాలసిస్ యంత్రం ఎంత మంచిదైనా మనిషిని దానికి కలపడానికి దారి కావాలి. ఆ దారి పేరు ఫిస్టులా. ఇది సర్జన్ చెయ్యవలసిన పని.

పీజీలకు తెలిసినదే అయినా బయటివాళ్ళ కోసం చెబుతాను. మణికట్టు దగ్గర ధమనికి పక్కన చిన్న కిటికీ తెరిచి, చర్మం కింద ఉన్న సిర కొసను దానికి కుడతారు. ధమని ఒత్తిడి సిరలోకి దూకి, వారాలు గడిచేసరికి సిర లావై, గోడ గట్టిపడి, పెద్ద సూదులు మళ్ళీ మళ్ళీ గుచ్చడానికి పనికొస్తుంది. న్యూయార్క్‌లో బ్రెషియా, చిమినో, వారి సహచరులు 1966లో ప్రకటించిన ఈ ఉపాయాన్ని మించినది ఇంకా రాలేదు. వినడానికి చిన్న ఆపరేషనే. లోకల్ అనస్థీషియా చాలు. నాళం వెడల్పు మాత్రం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. దారం 7-0 ప్రోలీన్, మామూలు కంటికి వెంట్రుక లాగా కనబడుతుంది, కళ్ళకు లూప్ పెట్టుకుంటేగాని సూది కొన తెలియదు.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయో చూడండి. ముందు గోడను కుడుతున్నాననుకుంటూ వెనక గోడను కూడా సూదికి తగిలించేస్తారు, దారి మూసుకుపోతుంది. సిరను తెచ్చేటప్పుడు తెలియకుండా ఒక మెలిక తిరుగుతుంది. దారాన్ని బిగించి లాగితే సంచి మూతి ముడుచుకున్నట్టు కలిపిన చోటు ఇరుకైపోతుంది. ధమని వైపు సూదిని లోపలి నుంచి బయటికి తీయాలి. తిరగేసి గుచ్చితే లోపలి పొర లేచి, రక్తం అక్కడే గడ్డకట్టవచ్చు. ఆపరేషన్ అయ్యాక వేలు పెడితే కింద జుమ్మని అదరాలి. రాత్రి డ్యూటీ డాక్టర్ వేలు పెట్టేసరికి ఆ అదురు లేదంటే ఆ మణికట్టు పోయినట్టే. ఒక మనిషికి ఇలాంటి చోట్లు ఎన్నుంటాయి? పని తక్కువ చేసే చేతి మణికట్టు, ఆ తర్వాత మోచెయ్యి, తర్వాత రెండో చెయ్యి. లెక్కపెట్టుకోవలసినన్ని. అవి అయిపోయాక మెడలో గొట్టం పెడతారు, దాని వెనకాలే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కొబ్బరి తోటల్లో కూలి చేసుకునే మనిషి చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పెట్టి, “ఈ సెయ్యి మల్లీ పని సేస్తాదా బాబూ?” అని అడిగినప్పుడు మన పీజీ చేసే మొట్టమొదటి ఫిస్టులా ఆ చేతి మీదే కావాలా?

అక్కర్లేదు. చికెన్ కొట్టులో ముక్కలు కొట్టని కోడి తొడ అడిగి తీసుకోండి. కండరాల మధ్య జాగ్రత్తగా విడదీస్తే ధమనీ సిరా పక్కపక్కనే దొరుకుతాయి, వెడల్పు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మైక్రోసర్జరీ నేర్పేవాళ్ళు ప్రపంచమంతటా దీన్ని వాడుతున్నారు. సిర గోడ సన్నంగా ఉండి మాట వినదు, అదీ మనకు కావలసిందే. కుట్టడం అయ్యాక సన్నటి క్యాన్యులా పెట్టి సిరంజితో నీలి రంగు నీళ్ళు తోయండి. ఎక్కడ కారుతోందో, ఎక్కడ అసలు పోవడం లేదో కనబడుతుంది. ఆ తర్వాత చేయవలసిన పని ఒకటుంది, చాలామంది అక్కడిదాకా వెళ్ళరు. సన్న కత్తెరతో ఆ నాళాన్ని పొడుగునా చీల్చి, పరిచి, లూప్ పెట్టుకుని లోపలి వైపు చూడండి. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత ఎడం ఉంది, అంచులు సరిగ్గా కలిశాయా, వెనక గోడ ఎక్కడ చిక్కుకుంది, అన్నీ మీ ముందుంటాయి. రోగి చేతిలో కుట్టిన కుట్టును ఏ సర్జనూ అలా విప్పి చూడలేడు. ఫిస్టులా ఆగిపోతే బీపీ పడిపోయిందనీ, సిర బాగోలేదనీ అనుకోవడానికి వీలుంటుంది, కొన్నిసార్లు అది నిజం కూడా. బల్ల మీద ఆ వీలు లేదు. మళ్ళీ మళ్ళీ చేసుకోవచ్చునని అందరూ సిమ్యులేషన్‌ని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది తప్పును చీల్చి చూసుకోవచ్చునని.

దీన్ని ఎలా నేర్పాలన్నదానికీ ఆధారం ఉంది. 2006లో టొరంటో వాళ్ళు 38 మంది జూనియర్ రెసిడెంట్లకు సరిగ్గా ఇదే పని, సన్నటి రక్తనాళాలు కలపడం, నాలుగు పాఠాల్లో నేర్పారు. సగం మందికి నాలుగూ ఒకే రోజున. మిగతా సగానికి వారానికొకటి చొప్పున. నెల తర్వాత పరీక్ష పెడితే వారం వారం నేర్చుకున్నవాళ్ళ పని మెరుగ్గా ఉంది. అంతే పాఠం, అన్నే గంటలు, మధ్యలో ఎడం ఒక్కటే తేడా. మనం చేసేదేమో ఆదివారం వర్క్‌షాపు. పొద్దున్న దీపప్రజ్వలన, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్టు, క్రెడిట్ అవర్లు. ఇలాంటివాటికి ముఖ్య అతిథిగా నేనూ చాలాసార్లు శాలువాలు కప్పించుకున్నాను కాబట్టి అనే హక్కు ఉందనుకుంటున్నాను: వాటివల్ల చెయ్యి తిరగదు.

నిబంధనల లోటు లేదు. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళిక నైపుణ్యాలకు పెద్దపీట వేసింది. 2020 నిబంధనలు 150 సీట్ల కాలేజీకి 600 చదరపు మీటర్ల స్కిల్ ల్యాబ్ ఉండాలన్నాయి. గదులు వచ్చాయి. ఒక కాలేజీకి, పేరు చెప్పను, పరీక్షల పని మీద వెళ్ళినప్పుడు ల్యాబ్ చూస్తానన్నాను. తాళం చెవి స్టోర్ కీపర్ దగ్గరుంది, ఆయన సెలవులో ఉన్నాడు. కిటికీ అద్దంలోంచి చూస్తే మానికిన్లు వచ్చినప్పటి ప్లాస్టిక్ కవర్లలోనే పడుకుని ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్‌కు కనబడాలన్న ఉద్దేశంతో కొన్న వస్తువు ఇన్‌స్పెక్షన్‌కే పనికొస్తుంది. ఆ స్టోర్ కీపర్‌ను అనవలసిందేమీ లేదు, బొమ్మ చెయ్యి విరిగితే ఆయన జీతంలోంచే పట్టుకుంటారు.

అసలు లోటు మనిషి దగ్గర. ఓపీ, ఓటీ, వార్డు, ఎంబీబీఎస్ క్లాసు, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ చూసుకున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను సాయంత్రం నాలుగింటికి కోడి తొడ పక్కన కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? టైమ్‌టేబుల్లో ఆ గంటకు గడి ఉంటే, ఆ గంటలో ఆయన్ని ఇంకో పనికి పిలవకపోతే కూర్చుంటారు. లేకపోతే యూట్యూబే గురువు. కుర్రాడు తప్పును వందసార్లు చేసి దాన్నే అలవాటు చేసుకుంటాడు, తర్వాత దాన్ని మాన్పించడం మొదటి నుంచి నేర్పడం కంటే కష్టం.

ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. కోడి తొడకు నొప్పి లేదు, భయం లేదు, డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోదు. ఏ సిర ఎంచుకోవాలి, ఎవరికి ఇవాళ వద్దనాలి, చేస్తున్న పని ఎక్కడ ఆపి పెద్దవాళ్ళను పిలవాలి అన్నవి బల్ల మీద రావు. నిజమే. అవి రోగి పక్కనే, పెద్దల పక్కనే నేర్చుకోవాలి. అందుకే చేతి పని ముందే వచ్చి ఉండాలంటున్నాను. సూది ఎలా పట్టుకోవాలన్నదాని మీదే బుర్రంతా పెట్టినవాడికి రోగి మొహం చూడటానికి తీరిక ఉండదు. పీజీలను ఇప్పుడు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయమంటున్నారు. అక్కడ వెనక నిలబడి చూసే ప్రొఫెసర్ ఉండడు. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి ఛాతీలో గాలి నిండిపోయిన మనిషిని రాత్రి రెండింటికి తెస్తారు. ఛాతీలో గొట్టం వేయడం అప్పుడే మొదటిసారి కాకూడదు.

ఇక మాస్టారి పేరిట ఉన్న ధర్మనిధి సంగతి. దీని వడ్డీతో ఏటా సర్జరీలో మొదటి మార్కులొచ్చిన పీజీకి పతకం ఇస్తున్నారు. మాస్టారి కుటుంబం ఒప్పుకుంటే దాని దారి మార్చమని కోరుతున్నాను. ఆ డబ్బుతో రెండు మంచి నీడిల్ హోల్డర్లు, సన్నటి ఫోర్సెప్స్ రెండు జతలు, ఒక లూప్ కొనండి. దారానికి పెద్దగా పెట్టక్కర్లేదు, గడువు దాటిన ప్రోలీన్ ప్రతి థియేటర్లోనూ ఉంటుంది, సిస్టర్ గారిని అడిగితే ఇస్తారు. అభ్యాసం పరికరాలకు ఎర్ర టేపు చుట్టి వేరే పెట్టెలో ఉంచండి, పొరపాటున కూడా రోగి ట్రేలోకి రాకూడదు. అయ్యాక మాంసం పసుపు సంచీలోకి పోవాలి. గురువారం మధ్యాహ్నం ఓటీ లేని యూనిట్ వాళ్ళు మొదలుపెట్టవచ్చు. వారానికొక్కసారి, ఒకే సిట్టింగులో ఇద్దరికి మించకుండా. వరసగా మూడు ఫిస్టులాలు నీళ్ళు కారకుండా, చీల్చి చూస్తే వెనక గోడ తగలకుండా కుట్టినవాళ్ళ పేరు యూనిట్ చీఫ్ సంతకంతో లాగ్‌బుక్కులో ఎక్కాలి. ఆ సంతకం ఉన్నవాళ్ళే రోగి చెయ్యి ముట్టుకోవాలి, అప్పుడూ పక్కన పెద్ద సర్జన్ చేతులు కడుక్కుని నిలబడి ఉండాలి.

పక్కన కూర్చునేవాళ్ళు దొరకరనే మాట వస్తుందని తెలుసు. ఈ ఊళ్ళో రిటైరైన సర్జన్లం కొందరం ఉన్నాం. చెయ్యి కాస్త వణుకుతుందేమో, గోటితో ముడి లాగి చూడటానికి అది అడ్డు కాదు. గురువారాలు నేను వస్తాను. కోడి తొడలు తెప్పించే పూచీ మాత్రం పీజీలది, పొద్దున్నే వెళితే ముక్కలు కొట్టకముందు దొరుకుతాయి.